రాయి వచ్చేదాకా

శ్రీకాకుళం జిల్లాకి వెళ్ళొచ్చానంటే మా నంద్యాలలో అందరూ అరసవల్లి ప్రసాదం కోసం చెయ్యి చాపారు. శ్రీకూర్మం చూశావా అని అడిగారు. రెండూ చూడలేదంటే, మరి అంత దూరం ఎందుకు పోయినట్టు అన్నారు. ఒక రాయి సంగతి చెప్పి రావడానికి పోయానన్నాను. ఆ రాయి అక్కడ కూడా లేదు, అంగారకుడి మీద ఉంది అనేసరికి మా ఆడపడుచు కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ వినకపోతే పోయె, మీరైనా వింటారని మొదట్నుంచీ చెబుతున్నాను.

మాకు నంద్యాలలో మందుల షాపుంది. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక నేను ఫోన్లో అంగారకుడి ఫొటోలు చూస్తుంటాను. అక్కడ ఆరు చక్రాల రోవర్ ఒకటి తిరుగుతోంది. రాయి కనపడితే ఆగుతుంది, దుమ్ము ఊదుతుంది, పైపొర గీకుతుంది, లోపలేముందో ఫొటో తీసి పంపుతుంది. ఆ ఫొటోలు ఎవరైనా చూడొచ్చు, టికెట్ అక్కర్లేదు. అలా చూసే పిచ్చివాళ్ళం తెలుగులో కొంతమందిమి చేరి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పేరు ఎర్రమట్టి. ఇంగ్లీషు వార్తల్ని తెలుగులో రాసిపెట్టడం నా పని. వచ్చిన ఫొటోల్లోంచి ఒక మంచి రాయిని ఏరి ‘నేటి రాయి’ అని పెట్టడం ఢిల్లేశ్వరరావు పని.

ఢిల్లేశ్వరరావుది ఉద్దానం. పూండి దగ్గర పల్లెటూరు. కొబ్బరి, జీడి తోటల రైతు. గ్రూపులో అందరం ఢిల్లీ అనే పిలుస్తాం. కొత్తగా చేరినవాళ్ళు, మీ దగ్గర చలి ఎలా ఉంది సార్ అని అడుగుతారు. ఆయన ఓపిగ్గా, ఉక్కపోతగా ఉంది బాబూ అని జవాబిస్తాడు.

ఆయనకి కిడ్నీలు పనిచెయ్యవు. ఉద్దానంలో ఈ జబ్బు తెలియని ఇల్లు లేదు. ఎందుకొస్తుందో మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఒక చెయ్యి మిషనుకి ఇచ్చేసి, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని ఆయన మా కోసం రాళ్ళు ఏరేవాడు.

ఒకసారి రోవర్ మచ్చల రాయి దగ్గర ఆగింది. చిరుతపులి ఒంటిమీద ఉన్నట్టే మచ్చలు. ఎప్పుడో అక్కడ సూక్ష్మజీవులు బతికిన గుర్తులు కావచ్చు, కాకపోవచ్చు, తేలాలంటే రాయి భూమ్మీదికి రావాలి అన్నారు శాస్త్రవేత్తలు. రోవర్ దాన్ని తొలిచి, చిటికెన వేలంత ముక్కని గొట్టంలో పెట్టి మూసేసింది. తర్వాత ఇంకో నౌక వెళ్ళి అలాంటి గొట్టాల్ని తెస్తుందని అప్పటి మాట. అది విన్నాక ఒకరోజు ఢిల్లీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు: “ఆ రాయొచ్చేదాకా నానుంతాను. సూసే ఎల్తాను.” మేమందరం దండాలూ పూలూ పెట్టాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకి వార్త వచ్చింది. తెచ్చే పనికి ఖర్చు ఎక్కువైపోయిందనీ, ఇప్పట్లో తెచ్చే ఆలోచన లేదనీ. నేను తెలుగులో రాశాను గానీ గ్రూపులో పెట్టడానికి చెయ్యి రాలేదు. ఢిల్లీని వదిలి మిగతావాళ్ళం విడిగా మాట్లాడుకున్నాం. చెప్పొద్దన్నవాళ్ళే ఎక్కువ. ఆయనకి ఇంగ్లీషు రాదు, మనం చెప్పకపోతే తెలీదు కదా అన్నారు. కొన్ని నెలలు ఊరుకున్నా నాకు మనసొప్పలేదు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు వీడియోలో అరుస్తుంటే వినడం కంటే, తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చెప్పడం నయం అనిపించింది. షాపు మా ఆయనకి అప్పగించి రైలెక్కాను.

టెక్కలి: చెంబుడు నీళ్ళు

టెక్కలిలో నన్ను తీసుకెళ్ళడానికి సన్యాసిరావు వచ్చాడు. అతనూ మా గ్రూపువాడే. గ్రానైట్‌కి పాలిష్ పెట్టే చోట సూపర్‌వైజరు. ముందు నా సంచీ అందుకుని తర్వాత నమస్కారం పెట్టాడు. ఢిల్లీని బావ అంటాడు. చుట్టరికం ఏమైనా ఉందా అని అడిగితే, ఇటువైపు రెండుసార్లు కలిసి టీ తాగితే బావ అయిపోతారని చెప్పాడు.

మాది నాపరాయి దేశం. ఇంట్లో నేలా, వీధిలో అరుగూ, చేలో గట్టూ అన్నీ నాపరాళ్ళే. ఇద్దరు మనుషులు పట్టుకుంటే లేచే రాయే నాకు తెలిసిన రాయి. ఇక్కడ లారీకి ఒక్క రాయి వస్తోంది. దాన్ని మిషను కింద పెట్టి, నీళ్ళు కొడుతూ, రొట్టె కోసినట్టు పలకలు కోస్తున్నారు. ఆ మోతలో సన్యాసిరావు ఏం చెబుతున్నాడో సగం వినపడలేదు. వినపడినట్టే తలాడించాను.

పాలిష్ కాని పలక ఒకటి గోడకి ఆనించి ఉంది. ఉత్త బూడిద రంగు. మర్యాదకి బాగుందన్నాను. అతనికి నా మర్యాద అర్థమైంది. డ్రమ్ములోంచి చెంబుడు నీళ్ళు ముంచి దానిమీద పోశాడు. నీళ్ళు జారినంత మేరా నీలం బయటపడింది, మధ్యలో మెరుపులతో. ఇప్పుడు బాగుందని అనక్కర్లేకుండానే అతను నవ్వాడు. అంగారకుడి మీద రోవర్‌కి నీళ్ళు లేక రాయిని గీకి చూడాల్సి వస్తోందనీ, తమకి ఆ బాధ లేదనీ అన్నాడు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో చోడి అంబలి. మేం రాగులనేవి వీళ్ళకి చోళ్ళు. మేం గట్టిగా సంగటి ముద్ద చేసి వేరుశెనగల ఊరుబిండితో తింటాం. వీళ్ళు పల్చగా కాచి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. ఎండన పడి వచ్చానేమో, రెండు గ్లాసులు తాగాను. మూడోది వద్దనే లోపలే సన్యాసిరావు భార్య పోసేసింది.

అది తాగుతుండగా అతను అసలు మాటకొచ్చాడు.

“మేడమ్, ఏటనుకోకండి. బావకి ఆ సంగతి సెప్పకండి,” అన్నాడు. “ఒకపాలి ఆస్పత్రికెల్లడం మానేసినాడు. ఇంక సాలన్నాడు. మల్లీ ఎలగ ఎల్తన్నాడో మాకూ సరిగ్గా తెల్దు. ఇప్పుడు రాయి రాదంటే మల్లీ మానేత్తాడు.”

డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో మందుల షాపు దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గ్లాసు కింద పెట్టేశాను. మరి ఆయనకి వేరేచోట తెలిస్తే అని అడిగాను. సన్యాసిరావు గ్లాసు మళ్ళీ నా ముందుకి జరిపాడు. మర్నాడు పొద్దున్న బయల్దేరేటప్పుడు అరచేతిలో పట్టేంత నీలం రాయి ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఒక పక్క పాలిష్, రెండో పక్క కొండమీద ఎలా ఉందో అలాగే. రోవర్ గీకినట్టు ఒకపక్కే పెట్టి ఇమ్మని బావ ఎప్పటినుంచో అడుగుతున్నాడట.

పలాస: గెడ్డం

పలాసలో దిగితే ముందు ముక్కుకి తెలుస్తుంది. ఊరంతా జీడిపప్పు కాలుతున్న వాసన. స్టేషను బయట ఒక పెద్దావిడ గంపలో పప్పు రకరకాలుగా పోసుకుని కూర్చుంది. గుండు, బద్ద, ముక్క అని దేనికదే రుచి చూపించింది. రుచి ఒకటే కదా అన్నాను. నోటికి ఒకటే, కంటికి వేరు, డబ్బులు కంటికే ఇస్తారని చెప్పింది. నేను ముక్కలు కొన్నాను. మా ఊళ్ళో పావుకిలో గుండుపప్పు వచ్చే ధరకి ఇక్కడ అరకిలో పైచిలుకు ముక్క వచ్చింది. పాయసంలో పడ్డాక ఎవరు చూడొచ్చారు.

ఆసుపత్రికి అనగానే ఆటో అతను, “ఎవులికమ్మా?” అని అడిగాడు. డయాలసిస్ అని నేను చెప్పకుండానే అతనికి తెలుసు. మా తమ్ముడికి అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలియదు, అప్పటికింకా ఢిల్లీ మొహమైనా చూడలేదు. ఆటో అతని మేనమామ కూడా ఇక్కడే చేయించుకుంటాడట. గతుకు వచ్చిన ప్రతిచోటా వెనక్కి తిరిగి, గట్టిగా పట్టుకో అమ్మా అన్నాడు, జబ్బు నాకే ఉన్నట్టు.

ఆసుపత్రి వరండాలో ఒకావిడ నన్ను చూసి లేచి నిలబడింది. చేతిలో స్టీలు క్యారియరూ, చిన్న నీళ్ళ సీసా. “నంద్యాల వదినవి కాదేటి?” అంది. ఢిల్లీ భార్య దమయంతి. ఆయన నన్ను అక్కా అంటాడు గనక నేను ఆవిడకి వదిన. నా జవాబు కోసం చూడకుండా నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

డయాలసిస్ పూర్తి కావడానికి ఇంకా చాలాసేపుంది. ఆ సేపట్లో దమయంతి నాకు మా గ్రూపులో ఎవరికీ తెలియని సంగతి చెప్పింది.

ఆయన ఆసుపత్రి మానేసిన రోజుల్లో ఈవిడ ఏడవలేదు, పోట్లాడలేదు. ఏడుపులూ పోట్లాటలూ అత్తగారూ మరుదులూ చేశారట, పని జరగలేదు. కాళ్ళు నీరు పట్టి మంచం మీద పడుకుని కూడా ఆయన ఫోన్లో మచ్చల రాయినే చూస్తుంటే ఈవిడకి ఆలోచన తట్టింది. ఊరి అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళు ఆ పని అయ్యేదాకా గెడ్డం తియ్యకపోవడం మా వైపూ ఉన్నదే. కాకపోతే మేం పంట పండాలనో, పిల్లకి సంబంధం కుదరాలనో మొక్కుతాం. దమయంతి మొగుణ్ణి అమ్మవారి గుడికి నడిపించుకుపోయి, అంగారకుడి మీది రాయికి మొక్కించింది. రాయి వచ్చేదాకా గెడ్డం తియ్యను, గెడ్డం ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి మానను. ఇదీ మొక్కు. ఏ రాయమ్మా అని పూజారి అడిగితే పైనుందని చెప్పిందట. పైనున్నది కదా, దేవుడి రాయే అయ్యుంటుందని ఆయన పసుపు నీళ్ళు చల్లేశాడు.

మర్నాడు పొద్దున్నే ఢిల్లీ తనంత తనే ఆటో పిలిచాడు. ఆ రాయొచ్చేదాకా ఉంటానని మాకు మెసేజ్ పెట్టింది ఆ ఆటోలోంచేనట.

నాకు గుండెల్లో రాయి పడింది. నేను చెప్పబోయే వార్త తిన్నగా ఆ గెడ్డానికే ఎసరు పెడుతుంది. దమయంతికి ముందే చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ అప్పుడే క్యారియర్ మూత తీసి, నాకోసం చేసిన గారెలు చూపిస్తోంది. చెప్పలేకపోయాను.

నర్సు ఒక్క నిమిషం లోపలికి పంపింది. వాయిస్ మెసేజుల్లో ఆ గొంతు విని నేను ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. మంచం మీద సన్నగా, పొట్టిగా, ఛాతీ దాకా గెడ్డంతో ఒక మనిషి పడుకుని ఉన్నాడు. మా గ్రూపులో అందరి జబ్బూ ఇదే, కొలత తప్పుగా ఊహించుకోవడం. అంగారకుడి ఫొటోల్లో చెట్టు ఉండదు, మనిషి ఉండడు, ఏది ఎంతుందో కంటికి తెలీదు. ఒకప్పుడు ఒక ఫొటోలో కొండగుహ ఉందని ఢిల్లీ అంటే వారాల తరబడి అందరం దానిమీద వాదించుకున్నాం. చివరికి అది మూసిన గుప్పిట్లో పట్టేంత రాయికి ఉన్న బెజ్జం అని తేలింది. ఆ దెబ్బతో, గ్రూపులో ఎవరు ఏ రాయి ఫొటో పెట్టినా పక్కన జీడిపిక్క పెట్టి తీయాలని ఢిల్లీయే రూలు పెట్టాడు. అందరికీ తలా పది పిక్కలు పోస్టులో పంపాడు కూడా.

ఆయన నన్ను చూసి నవ్వి, “పిక్క తెచ్చినావా అక్కా?” అన్నాడు. పర్సులోంచి తీసి చూపించాను.

పక్క మంచాల వాళ్ళందరికీ ‘నేటి రాయి’ అలవాటైంది. ఇవాళ్టిది చూపించకపోతే ఊరుకోరట. ఒక ముసలాయన నన్ను పిలిచి, ఆ బండికి తోలేవాడు లేడట నిజమేనా అని అడిగాడు. నిజమే తాతా అన్నాను. మరి రాత్రి దానికి తోడెవరు అన్నాడు. ఎవరూ లేరని చెప్పడానికి నాకే కష్టమనిపించింది.

ఉద్దానం: కూడని పంటలు

పూండి దాటి లోపలికి వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, కింద జీడిమామిడి, మధ్యలో పనస. మా వైపు చేనంటే చూపు ఆనినంత దూరం బయలు. ఇక్కడ ఇంటి గుమ్మం లోంచే తోట మొదలవుతుంది. జీడిపళ్ళు ఎర్రగా, పచ్చగా రాలి ఉన్నాయి. పాత తుఫానుకి సగం చెట్లు పోయాయట. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

దమయంతి కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చింది. ఢిల్లీ ఎదురుగా కూర్చుని నేను తాగుతుంటే చూశాడు. ఎలా ఉందని అడిగాడు. తియ్యగా ఉందన్నాను. ఆ చెట్టుది తియ్యగానే ఉంటుంది, ఈ పక్కదైతే కొంచెం ఉప్పు తగులుతుంది అన్నాడు. ఆయనకి కొబ్బరి నీళ్ళు పనికిరావు. పనసపండు పనికిరాదు. జీడిపప్పు పనికిరాదు. ఆయన తోటలో పండేవన్నీ ఆయనకి కూడనివే. మంచినీళ్ళు కూడా రోజుకి ఆ చిన్న సీసాడే. బోండం మొత్తం తాగాను. వదిలేస్తే ఆయన బాధపడేలా ఉన్నాడు.

ఆ సాయంత్రం చెప్పేద్దామని తోటలోకి బయల్దేరదీశాను. మాట ఎలా మొదలుపెట్టాలో తోచక, చెట్టు మీది పచ్చి జీడిపిక్క ఒకటి తుంచి, ఆలోచనలో పడి పంటితో కొరికాను. ఏళ్ళ తరబడి పర్సులో ఎండు పిక్క మోసిన దాన్ని, పచ్చిదాంట్లో ఒళ్ళు పొక్కించే జీడి ఉంటుందని మర్చిపోయాను. పెదవి భగ్గుమంది. క్షణాల్లో పొంగింది. మందుల షాపు నడిపే నేను గుడ్లప్పగించి నిలబడితే, దమయంతి పరిగెత్తుకొచ్చి నోరు కడిగించి కొబ్బరినూనె రాసింది. పెదవి వాచిన నోటితో నేను ఏ వార్తా చెప్పే స్థితిలో లేను. రాత్రికి దమయంతి పనసపొట్టు కూర ఆవపెట్టి చేసింది, అదీ ఒక వారనుంచే తినాల్సి వచ్చింది.

బారువ: చెప్పేశాను

మర్నాడు ఆసుపత్రి లేని రోజు. నాకు సముద్రం చూపించాలని ముగ్గురం బారువ వెళ్ళాం. ఒకప్పటి రేవు ఊరు. ఇప్పుడు ఇసుక మీద బోర్లించిన పడవలూ, ఆరబెట్టిన చేపలూ, వలలు బాగుచేసుకునే మనుషులూ. సముద్రం చూసి చాలా ఏళ్ళయింది నాకు. కాసేపు వచ్చిన పని మర్చిపోయి మోకాలి లోతు దాకా వెళ్ళి చీర తడుపుకున్నాను.

దమయంతి ఎండు నెత్తళ్ళు బేరమాడ్డానికి వెళ్ళింది. నేనూ ఢిల్లీ ఒక పడవ నీడలో కూర్చున్నాం. ఆయన సన్యాసిరావు పంపిన నీలం రాయి ఇసుకలో పెట్టి, పక్కన జీడిపిక్క పెట్టి, ఫొటో తీశాడు. సముద్రం పడకుండా ఇంకొకటి తీశాడు. సముద్రం లేకపోతే అచ్చం అక్కడ తీసినట్టే ఉందని మురిశాడు. తర్వాత అడిగాడు.

“రాయొస్తే ఏడ దించుతారక్కా? నేలమీదా, నీటిలోనా?”

ఇంక దాచడం నావల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. తెచ్చే పని ఆగిపోయిందనీ, గొట్టాలు అక్కడే ఉంటాయనీ, మేమందరం ఇన్నాళ్ళూ ఆయన దగ్గర దాచామనీ. వాచిన పెదవితో మాటలు సరిగ్గా పలకడం లేదు, కొన్ని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

“ఇప్పుట్లో రాదా?”

రాదన్నాను.

“ఇప్పుట్లోనంటే?”

ఎవరూ చెప్పడం లేదన్నాను. ఆయన చెయ్యి దానంతటది గెడ్డం మీదికి వెళ్ళింది.

“మరింక ఈ గెడ్డం దేనికి?” అన్నాడు.

తలెత్తితే దమయంతి వెనకే నిలబడి ఉంది. మొత్తం విన్నదని మొహం చూస్తే తెలిసింది. నన్ను తిట్టినా బాగుండేది. చేపల పొట్లం దారం బిగించి కట్టి, ఎండెక్కిపోతోంది పదండి అంది.

ఆ రోజు ‘నేటి రాయి’ రాలేదు. ఆరోగ్యం ఎలా ఉందని గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. సన్యాసిరావు నాకు విడిగా ఫోన్ చేసి, చెప్పేశారా అన్నాడు. అవునన్నాను. అవతల నిట్టూర్పు వినపడింది. అన్నాల దగ్గర ఢిల్లీ, రేపు ఆసుపత్రికి రాననీ, గెడ్డం గీయించుకుంటాననీ చెప్పాడు. దమయంతి వినపడనట్టే ఆయన కంచంలో కూర వేసింది. పలాసలోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయుంటే ఏం పోయేది అని నన్ను నేను తిట్టుకున్నాను.

పూండి గేటు

పొద్దున్న ఆటో వచ్చి గుమ్మంలో ఆగింది. నన్ను పలాసలో రైలెక్కించాలి, ఆయన్ని ఆసుపత్రిలో దించాలి. నేను సంచీతో బయటికొచ్చేసరికి ఢిల్లీ బనీను మీదే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, నువ్వెళ్ళిరా అక్కా, మళ్ళీ రా అన్నాడు. మళ్ళీ రావడానికి నువ్వుండాలి కదయ్యా అందామనుకున్నాను. ఏడుపొచ్చింది.

దమయంతి లోపల్నుంచి దువ్వెన, కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. ఆయన ముందు కూర్చుని గెడ్డానికి నూనె రాసి చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ గెడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

“నీ మొక్కేటి మావా?” అంది.

“రాయి రాదంట కదే.”

“రాయొచ్చేదాకా తియ్యనని కదా మొక్కు. రాయొచ్చిందేటి?”

“రాలేదు.”

“రాకుండా ఎలగ తీత్తావు? అమ్మోరితో ఆటలేటి?”

ఆయన ఆవిడ వంక చూశాడు. “అది ఎప్పుడికీ రాకపోతే?”

“ఎప్పుడికీ తియ్యకు,” అంది దమయంతి. చిక్కు దగ్గర దువ్వెన ఆగింది. “మీ అందరికీ రాదని బయం. నాకిన్నాల్లూ వొచ్చేత్తాదనే బయం, మావా. ఆ రాయొచ్చేత్తే నీ మొక్కు తీరిపోద్ది. మల్లీ దేనికి మొక్కించాలా అని ఎన్ని రాత్రులు పడుకోలేదో నాకే తెలుసు.”

ఇన్నాళ్ళూ ఈవిడ ఆ వాయిస్ మెసేజ్‌కి మేం పెట్టిన దండాలూ పూలూ చూసి భయపడుతోందన్నమాట. రాయి త్వరగా రావాలని మేం కోరుకున్న ప్రతిసారీ ఈవిడ గుండె జారింది. మేమందరం కలిసి నెలల తరబడి దాచిన వార్త, ఈ ఇంట్లో ఒక మనిషికి అన్నిటికంటే ముందు చెప్పాల్సిన చల్లని కబురు. నేను సంచీ దించి అరుగు చివర కూర్చున్నాను.

ఢిల్లీ గెడ్డం ఆవిడ చేతుల్లోనే ఉంచి, తల కొంచెం ముందుకి వంచాడు, చిక్కు తీయడానికి వీలుగా. ఆవిడ నెమ్మదిగా పూర్తిగా తీసి, కింద ముడి వేసింది. అప్పుడాయన నవ్వాడు. మొదట లోపల, తర్వాత భుజాలు కదిలేలా. “సొక్కా తే,” అన్నాడు. చొక్కా అప్పటికే ఆవిడ భుజం మీద ఉంది.

ముగ్గురం ఆటో ఎక్కాం. దమయంతి నాకిచ్చిన ఎండు నెత్తళ్ళ పొట్లం కాళ్ళ దగ్గర వాసన కొడుతోంది. పూండి రైల్వే గేటు వేసి ఉంది, గూడ్సు ఏదో వస్తోంది. ఢిల్లీ ఫోన్ తీశాడు. రోవర్ నుంచి కొత్త ఫొటోలు వచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటే పెద్దది చేసి చూసి, ఒక చిన్న నల్లరాయి ఏరాడు, గ్రూపులో పెట్టాడు. పెట్టాక ఫోన్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

“ఆ మచ్చల రాయిని ఆడే ఉండనీ అక్కా,” అన్నాడు. “తొందరేటుంది.”

గూడ్సు ఇంకా పోతూనే ఉంది. గేటు ఎప్పుడు తీస్తారు, ఆసుపత్రికి వేళ మించిపోతోందని దమయంతి డ్రైవర్ని మళ్ళీ అడిగింది.